రక్తం తీసేస్తే పాట మంచిదైపోతుందా?

ఈమధ్య గోదావరి జిల్లాల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తెగ తిరుగుతోంది. రాజకీయం పేరు చెప్పి తుపాకులు, కత్తులు, రక్తం చూపించే పాటల వీడియోలన్నీ వ్యూస్ కోసమేనట. సెన్సారు లేదు గనక ఇలా తెగబడుతున్నారట. చెప్పేదేదో రక్తం లేకుండానే చెప్పొచ్చట. పైగా ఇది మన గోదావరి సంస్కృతే కాదట. ఇలాంటి వీడియోలు తీసేవాళ్లుగా ఒక్కోదానికీ జవాబు చెబుతున్నాం.

ముందు వ్యూస్ సంగతి. యూట్యూబ్‌లో వీడియోకి పద్దెనిమిదేళ్ల పరిమితి పడిందంటే లాగిన్ కానివాళ్లకి అది కనపడదు, బయటి సైట్లలో చాలావరకు ఆడదు, యాడ్లు తగ్గిపోతాయి లేదా అసలే రావు. డబ్బే కావాలనుకునేవాడు కొబ్బరితోటలో డ్యూయెట్ తీసుకుంటాడు గానీ తలలు పగలగొట్టుకోడు. 2010లో గాయని ఎం.ఐ.ఏ. పాట ‘బోర్న్ ఫ్రీ’ వీడియో వచ్చింది. ఎర్రజుట్టు ఉన్నవాళ్లందరినీ సాయుధులు ఏరి, బస్సెక్కించి, ఎడారికి తీసుకెళ్లి చంపడమే అందులో కథ. ఒక పిల్లాణ్ణి తలలో కాలుస్తారు. దానికి యూట్యూబ్‌లో కట్టడి పడింది. జుట్టు రంగు చూసి మనిషిని చంపడమేమిటని మీకు అనిపిస్తే, మరి మతం చూసో జాతి చూసో చంపితే ఎందుకు అలా అనిపించదని ఆ వీడియో అడుగుతోంది.

సెన్సారు లేదన్నది సగం నిజం. 1952 సినిమాటోగ్రాఫ్ చట్టం కింద ఇచ్చే సర్టిఫికెట్ థియేటర్ కోసం, నెట్‌లో పెట్టే పాటకి అది అక్కర్లేదు. కానీ టీవీలో వేస్తే 1995 కేబుల్ చట్టం ప్రోగ్రామ్ కోడ్, అంటే టీవీలో ఏవి చూపకూడదో చెప్పే నియమాలు వర్తిస్తాయి. నెట్‌లోనైతే 2000 ఐటీ చట్టంలోని 69ఏ సెక్షన్ కింద కేంద్రం ఆపించగలదు. 2022 జూన్‌లో పంజాబీ గాయకుడు సిద్ధూ మూసేవాలా పాట ‘ఎస్‌వైఎల్’, ఆయన హత్య తరవాత ఎక్కించిన కొద్ది రోజులకే మన దేశంలో యూట్యూబ్ నుంచి మాయమైంది. అది సట్లెజ్-యమున కాలువ (ఎస్‌వైఎల్) నీళ్ల పంపకం మీద పాట. అంటే కత్తెర పడేది రక్తానికి మాత్రమే కాదు.

ఇక అసలు వాదన, రక్తం తీసేసి చెప్పమనడం. అలా తీసేస్తే ఏమైందో అమెరికా రాక్ బృందం పెర్ల్ జామ్ పాట ‘జెరెమీ’ని చూడండి. 1992లో వచ్చిన ఆ వీడియో చివర, అందరూ వేధించిన కుర్రాడు క్లాసులో అందరి ముందూ తన ప్రాణం తీసుకుంటాడు. తుపాకీ కనపడే షాట్‌ని ఎంటీవీ కోయించింది. రక్తం చిమ్మిన తోటి పిల్లల ముఖాలు మాత్రం మిగిలాయి. దాంతో, వాడే క్లాసునంతా కాల్చేశాడని జనం అనుకున్నారు. బాధితుడు కాస్తా హంతకుడైపోయాడు! కోయని వీడియో అధికారికంగా బయటికి రావడానికి 2020 దాకా పట్టింది.

చూపించడంలోనూ లెక్క ఉంటుంది. 2018లో వచ్చిన చైల్డిష్ గాంబినో వీడియో ‘దిస్ ఈజ్ అమెరికా’లో పాట హాయిగా నడుస్తుండగా, గిటార్ వాయించినవాణ్ణి వెనకనుంచి కాలుస్తారు. ఆ క్షణంలోనే సంగీతం మారిపోతుంది. తుపాకీని ఒక పిల్లాడు ఎర్రగుడ్డలో జాగ్రత్తగా అందుకుంటాడు, శవాన్ని మాత్రం నేలమీద ఈడ్చుకుపోతారు. చెప్పదలచుకున్నదంతా ఆ రెంటి మధ్య తేడాలోనే ఉంది. మనవాళ్లు చాలామంది తుపాకీ పేలడాన్ని స్లోమోషన్‌లో తీసి, తరవాతి షాట్‌లో హీరోని నడిపిస్తారు. చచ్చినవాడి మీద కెమెరా మూడు సెకన్లు కూడా నిలవదు. పోస్టు పెట్టినవాళ్ల కోపం వీటి మీదైతే మాకూ అభ్యంతరం లేదు. 2008లో జస్టిస్ అనే ఫ్రెంచ్ సంగీత బృందం వీడియో ‘స్ట్రెస్’ మీద జాత్యహంకారం ఆరోపణలొచ్చాయి. పారిస్ శివారు కుర్రాళ్లు కొడుతూ పోవడమే తప్ప ఎందుకో వీడియో చెప్పదు. ఆ విమర్శ న్యాయమైనదే.

తెరమీద రక్తానికి “బకెట్ రంగు నీళ్లు పోస్తే అయిపోయె” అని కూడా పోస్టులో ఉంది. రంగు నీళ్లు కెమెరాలో రోజా సిరప్‌లా కనిపిస్తాయి. బేకరీలో దొరికే లిక్విడ్ గ్లూకోజ్ 300 మిల్లీలీటర్లు, నీళ్లు 100, కార్న్‌ఫ్లోర్ రెండు చెంచాలు, ఎర్ర ఫుడ్ కలర్ ఒక చెంచా, కోకో పొడి ఒక చెంచా కలపాలి. కోకో తగ్గితే ఎల్‌ఈడీ లైటు కింద గులాబీ రంగుకి తిరుగుతుంది. మన ఉక్కపోతలో చక్కెర పాకానికి పది నిమిషాల్లో ఈగలు మూగుతాయి, అందుకని క్లోజప్‌కి గ్లూకోజ్ సగం తగ్గించి గ్లిసరిన్ వేసుకోవాలి. తూటా తగిలినట్టు రావాలంటే చొక్కాని లోపలివైపు గరుకు కాగితంతో రుద్ది పలచన చెయ్యాలి. 30 మిల్లీలీటర్ల రక్తాన్ని పలచని కవర్లో కట్టి, దానికి గాలం తీగ బిగించి పక్కనుంచి లాగాలి. చొక్కాలో టపాకాయ పెట్టడం మాత్రం వద్దు, ఒళ్లు కాలుతుంది. ఒకేలాంటి చొక్కాలు మూడైనా ఉంచుకోవాలి. రొయ్యల చెరువు గట్టున తీస్తే కింద టార్పాలిన్ పరవాలి, ఆ నీళ్లు చెరువులోకి జారితే రైతు ఊరుకోడు. బొమ్మ తుపాకీ అయినా రోడ్డుమీదికి తెచ్చే ముందు స్టేషన్లో రాతపూర్వకంగా చెప్పి, ఆ కాగితం నకలు సెట్‌లో ఉంచాలి.

మన సంస్కృతి కాదంటారా? దక్షయజ్ఞం జరిగింది ద్రాక్షారామంలోనేనని చెప్పుకునేది మనమే. అధికార గర్వంతో అల్లుడు శివుణ్ణి అవమానించిన మామ దక్షుడి తలని వీరభద్రుడు నరికిన కథ అది. వీరనాట్యంలో నారసాలు గుచ్చుకుని ఆడేది ఆ వీరభద్రుడి పేరు మీదే. 1907లో రాజమహేంద్రవరం సభలో చిలకమర్తి చెప్పిన పద్యంలో, తెల్లవాళ్లు లేగదూడల మూతులు బిగగట్టి పాలు పిండుకుంటారు. దాన్ని ఎవరూ అసభ్యమనలేదు.

పోస్టు పట్టించుకోని ప్రమాదం ఒకటుంది. మనం నటించి తీసిన దాడిలోంచి పది సెకన్లు కోసి, ఫలానా ఊళ్లో నిన్న జరిగిందని పంపేస్తారు. 2022 మే 24న అమలాపురం తగలబడ్డాక కోనసీమలో ఇంటర్నెట్ ఆపేయాల్సొచ్చింది, అలాంటి వేళ ఆ పది సెకన్లు చాలు. అందుకని నిజమైన జెండాలు, కండువాలు, ఊరి బోర్డులు ఫ్రేములోకి రానివ్వకూడదు. ‘చిత్రీకరణ’ అన్న మాట మొదట్లో ఒకసారి వేస్తే సరిపోదు, దాడి ఉన్న ప్రతి షాట్ మీదా ఉండాలి. మూలన వేసినా లాభం లేదు. అడ్డ వీడియోని ఫోన్ కోసం నిలువుగా కోస్తే మధ్యలో మూడో వంతే మిగులుతుంది, మూలలు పోతాయి. అడుగున, సరిగ్గా నడిమధ్యన వెయ్యాలి.