తాళంచెవి నా చేతిలో, ఇంజను దాని లోకంలో

ఈ వయసులో ట్రాక్టరు ఎందుకు కొన్నారని మీరు అడగవద్దు. ఇంట్లో ఇప్పటికే అడిగేశారు. అరవై ఏళ్లు దాటిన డీజిలు ట్రాక్టరు. మూడు సిలిండర్లు. ఒకప్పుడు ఎర్రగా ఉండేదని అమ్మినాయన చెప్పాడు, ఇప్పుడున్నది మాత్రం తుప్పు రంగే. చూశాను, మనసు పడ్డాను, కొన్నాను. బేరం, కాగితాలు, టైర్లు, లారీ మీంచి దించడం, ఇవన్నీ వదిలేస్తున్నాను. అవి తలచుకుంటే అసలు సంగతి దాకా రాలేను.

అసలు సంగతి మొన్న ఆదివారం ఉదయం 10 గంటలకు మొదలైంది.

అంతకుముందు మూడు వారాలపాటు పాత ట్రాక్టర్లను స్టార్ట్ చేయడం గురించి చదివాను. అదొక మహావిద్య. జర్మనీలో లాంట్స్ బుల్‌డాగ్ అనే ట్రాక్టరు ఉండేది. దాని ఇంజను తలకాయను మంటతో బాగా కాల్చి, స్టీరింగ్ చక్రాన్ని కడ్డీతో సహా ఊడబీకి, దాన్నే పక్కనున్న ఫ్లైవీలు అనే బరువైన చక్రంలో దూర్చి తిప్పేవారు. తిప్పడంలో తేడా వస్తే ఇంజను వెనక్కి తిరగడం మొదలుపెట్టేది. అప్పుడు ముందుకు గేరు వేస్తే బండి వెనక్కి నడిచేది. ఇంగ్లండులో ఫీల్డ్ మార్షల్ అని మరొకటి. రగులుతున్న కాగితం ముక్కను ఇంజను తలలో బిగించి, తుపాకీ తూటాలాంటి దాన్ని పెట్టి, సుత్తితో కొడితే ఢామ్మని పేలి ఇంజను తిరిగేది. 1958 జనవరి 4న ఎడ్మండ్ హిల్లరీ దక్షిణ ధ్రువం చేరింది ఫెర్గూసన్ ట్రాక్టర్ల మీదే. అంత చలిలో పొద్దున్నే వాటిని లేపడానికి ఎంత అవస్థ పడి ఉంటారో అని నేను రెండు రాత్రులు నిద్రపోకుండా ఆలోచించాను.

ఇంత సాహిత్యంలో ఒక్క మహానుభావుడైనా ట్రాక్టరును ఎలా ఆపాలో రాయలేదు. రాయనక్కర్లేదు, మనిషన్నవాడికి ఆ మాత్రం తెలిసే ఉంటుంది అనుకున్నారేమో.

సరే, మూడో ప్రయత్నానికి స్టార్ట్ అయింది. ముందు తెల్లపొగ, తరవాత నల్లపొగ, ఆ తరవాత డుగుడుగుమని గుండెల్లో మోగే చప్పుడు. మా ఆవిడ గుమ్మంలోంచి చూసింది. మా బావ వీడియో తీశాడు. పెరట్లో రెండు చుట్లు తిప్పి, షెడ్డులో పెడదామని గేటు దాకా తెచ్చాను. గేటు మూసి ఉంది. దిగి తీయాలి కదా అని, గేరు తీసేసి, ఠీవిగా తాళం తిప్పి చెవి బయటికి లాగాను.

డుగుడుగుడుగు.

ఇంకోసారి చెవి పెట్టి, తిప్పి, లాగాను. దున్నపోతు మీద వాన కురిసినట్టే. తాళంచెవి నా చేతిలో ఉంది, ఇంజను దాని పని అది చేసుకుపోతోంది. ఆ క్షణంలో మనిషికి కలిగే భావం చెప్పడం కష్టం. మీరు సెలవంటూ లేచి నిలబడినా, ఎదుటివాడు మీ మొహం చూడకుండా మాట్లాడుతూనే ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది.

ఇందులో ట్రాక్టరు తప్పేమీ లేదని ఇప్పుడు తెలుసు. పెట్రోలు ఇంజనుకు నిప్పురవ్వ కావాలి. తాళం తిప్పితే రవ్వ ఆగుతుంది, బండి ఆగుతుంది. డీజిలు ఇంజనుకు రవ్వతో పనే లేదు. సిలిండరులో గాలిని 16, 17 వంతుల్లో ఒక వంతుకు నొక్కేస్తే అది ఎంత వేడెక్కుతుందంటే, చిమ్మిన డీజిలు దానంతటదే మండిపోతుంది. ఇంజను తిరుగుతుంటే డీజిలు చిమ్మే పంపు తిరుగుతుంది, పంపు తిరుగుతుంటే డీజిలు వస్తుంది, డీజిలు వస్తుంటే ఇంజను తిరుగుతుంది. ఈ సంసారంలో తాళంచెవికి చోటెక్కడ? పెళ్లి చేయించిన పేరయ్య లాంటిది అది. ముడి పడే దాకానే దాని అవసరం. రుడాల్ఫ్ డీజిల్ 1897లోనే ఇలాంటి ఇంజనును జయప్రదంగా నడిపి చూపించాడు. ఆపి కూడా చూపించే ఉంటాడు. ఆ ముక్క నాదాకా రాలేదు.

అమ్మినాయనకు ఫోను చేశాను. "ఆగడం లేదండీ!" అని అరిచాను.

"స్టార్ట్ అయిందా సార్?"

"అయింది! ఆగడం లేదు!"

"చూశారా, చెప్పానుగా, మంచి ఇంజను సార్."

నాలుగుసార్లు అరిచాక విషయం ఎక్కింది. స్టీరింగ్ కింద ఎడమవైపు నల్ల బొడిపె ఉంటుందనీ, దాన్ని లాగితే పంపుకు డీజిలు ఆగిపోతుందనీ చెప్పాడు. లాగాను. బొడిపె వచ్చింది. దాని వెనకే తుప్పు పట్టిన తీగ జానెడు వచ్చింది. అంతే, ఇంకేమీ రాలేదు. ఇప్పుడు ఇంజనును ఆపే లాంఛనాలన్నీ నా చేతుల్లోనే ఉన్నాయి, కుడిచేతిలో తాళంచెవి, ఎడమచేతిలో బొడిపె. ఇంజను మాత్రం డుగుడుగు.

"తీగ తెగి ఉందని ముందే చెప్పవచ్చు కదండీ?" అన్నాను.

"స్టార్ట్ అవుతుందా అని అడిగారు, అవుతుందన్నాను. ఆగుతుందా అని మీరు అడగలేదు కదా సార్."

ఈ వాక్యం మీద నాకింకా కోపం తగ్గలేదు. అన్యాయం ఏమిటంటే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఇకమీదట ఏం కొన్నా ఆగుతుందా అనే అడుగుతాను, గోడగడియారం అయినా సరే.

తెగిన తీగ ఎక్కడికి పోతుందో చూద్దామని ఇంజను పక్కన వంగాను. పంపు మీద చిన్న లివర్లు రెండు కనిపించాయి. ఒకటి ఆపేది, ఒకటి వేగం పెంచేది. ఏది ఏదో నేను కనిపెట్టిన పద్ధతి గురించి ఎక్కువ చెప్పను. ట్రాక్టరు ఒక్కసారిగా సింహంలా గర్జించింది, నేను మూడు గజాలు వెనక్కి గెంతాను, మా బావ వీడియో ఆపలేదు. వేగం దానంతటదే తగ్గింది గానీ, రెండో లివరు జోలికి వెళ్లే ధైర్యం నాకు మిగల్లేదు.

"టాప్ గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కి, క్లచ్ వదులు. చచ్చినట్టు ఆగుతుంది" అన్నాడు బావ.

"చచ్చేది ఎవరు బావా?" అన్నాను. బ్రేకుల గురించి అమ్మినాయన "కాస్త చూసుకోవాలి సార్" అన్న మాట నాకు గుర్తుంది. ముందున్నది గేటు. గేటు అవతల బావ కారు. ఆ సంగతి చూపించాక ఆయన సలహా వెనక్కి తీసుకున్నాడు.

మా ఆవిడ బ్యాటరీ పీకేయమంది. పీకాను. చప్పుడులో ఇసుమంతైనా తేడా రాలేదు. పైగా బరువు దిగినట్టు ఇంకాస్త హుషారుగా కొట్టుకుంటోందని నాకు అనిపించింది.

అప్పుడే ఎదురింటావిడ కిటికీ తెరిచింది. "అన్నయ్యగారూ, కాస్త ఆపుతారా? పాప ఇప్పుడే పడుకుంది."

ఆవిడకు నేను తాళంచెవిని ఎత్తి చూపించాను. బొడిపెను కూడా చూపించాను. ఆవిడ కిటికీ మూసుకుంది.

ట్యాంకులో 40 లీటర్ల డీజిలు ముందురోజే నిండుగా పోయించాను. ఊరికే తిరుగుతుంటే గంటకు లీటరు తాగుతుందనుకున్నా, లెక్క ప్రకారం మంగళవారం తెల్లవారుజామున 2 గంటలకు ఆగాలి. ఆఫీసుకు సెలవు పెట్టడానికి కారణం ఏమని రాయాలా అని ఆలోచిస్తుండగా ట్యాంకు కింద చిన్న కుళాయి కనబడింది. కట్టేశాను. ఏమీ కాలేదు. ఒక నిమిషం గడిచింది, రెండు నిమిషాలు గడిచాయి. కుళాయి కూడా పాడైందన్నమాట అని నిశ్చయించుకుని, ట్రాక్టరు ముందు నిలబడి దాన్నీ, దాన్ని అమ్మినవాడినీ నోటికొచ్చినట్టు తిట్టాను. ఫిల్టరులో, గొట్టాల్లో మిగిలిన డీజిలు అయిపోయే దాకా అది తిరుగుతుందని నాకేం తెలుసు? సరిగ్గా నా తిట్లు ముగిసే వేళకు రెండుసార్లు దగ్గి, ఒకసారి వణికి, ఆగిపోయింది.

ఎంత నిశ్శబ్దం! గోడ మీద కూర్చున్న పిల్లలు చప్పట్లు కొట్టారు. నా తిట్లకే ఆగిందని వాళ్ల నమ్మకం. నేను కాదనలేదు.

మా బావ కారు తాళాలు తీసుకుని బయలుదేరాడు. అప్పుడు చూసుకున్నాం, కారు బయటికి పోవాల్సిన గేటుకు అడ్డంగా టన్నున్నర ఇనుము ఉంది. కుళాయి విప్పి, బ్యాటరీ తగిలించి, చెవి తిప్పాను. సెల్ఫ్ గిరగిరా తిరిగింది, ఇంజను పలకలేదు. గొట్టాలు ఖాళీ అయ్యే దాకా నడిపితే పంపులోకి గాలి చేరుతుందట. గాలి ఉంటే డీజిలు రాదట. ఆపడానికి గంట పట్టిన దాన్ని ఇప్పుడు స్టార్ట్ చేయడానికి మెకానిక్కు రావాలి.

సాయంత్రం 4 గంటలకు వచ్చాడు. ఒక్కో మరను కాస్త వదులు చేస్తూ, బుడగలు పోయి ఒట్టి డీజిలు కారే దాకా పంపు కొట్టి, మళ్లీ బిగించాడు. చెవి తిప్పగానే డుగుడుగుమంది. ట్రాక్టరును పక్కకు తీశాను, బావ కారెక్కి వెళ్లిపోయాడు. మెకానిక్కు చేతులు తుడుచుకుని, డబ్బులు జేబులో పెట్టుకుని, మోటారుసైకిలు ఎక్కాడు.

"ఏమయ్యా, మరి ఇది..." అన్నాను.

"స్టార్ట్ కావడం లేదన్నారు సార్, అయింది కదా" అని వెళ్లిపోయాడు.

నేను తాళంచెవి వైపు చూశాను. డీజిలు కుళాయి వైపు చూశాను. ఎదురింటి కిటికీ మళ్లీ తెరుచుకుంది.