నస్యం గారికి ఒక ముక్కు యజమాని విన్నపం

మహారాజశ్రీ నస్యం గారికి,

నమస్కారములు. ఉభయకుశలోపరి. ఇక్కడ నా ముక్కు తప్ప అందరం క్షేమం. తమరు క్షేమమేనని డబ్బా మూత తీయకముందే తెలుస్తోంది.

తమరిని చిన్నప్పటి నుంచీ ఎరుగుదును. అప్పట్లో తమరి పేరు పొడుం, అంటే ముక్కుతో పీల్చే పొగాకు పొడి. మా తాతయ్య బొడ్లో వెండి డబ్బీలో కాపురం. ఆయన చిటికెడు తీసి, అటొక పట్టు ఇటొక పట్టు పట్టి, కళ్ల నీళ్లు తుడుచుకుని పేపరు తిరగేసేవాడు. అంతే. తమరిలో ఏ పరిమళం ఉంది, అది ముందొచ్చిందా వెనకొచ్చిందా అని ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా చెప్పలేదు. పైపంచె చివర మాత్రం గోధుమరంగు మరకలుండేవి. అవి ఉతికేటప్పుడు మా నాయనమ్మ తమరి వంశాన్ని ఏడు తరాల వెనక్కి తిట్టేది.

మొన్న సంక్రాంతికి మా బావమరిది బర్మింగ్‌హామ్ నుంచి వస్తూ తమరి సీమ చుట్టాలను నాలుగు బుల్లి డబ్బాల్లో పట్టుకొచ్చాడు. ఒకరు బెర్గమాట్ అనే నారింజ జాతి కాయ తొక్క వాసన. ఇంకొకరు టోంకా అనే సువాసన గింజ కలిసినవారు. మూడోవారు జర్మనీలోని బవేరియా వాస్తవ్యులు, జిడ్డుగా ఉన్నారు. నాలుగోవారు మెంథాల్, అంటే జలుబు మందుకి మేనత్త కొడుకు.

"బావా, ఇది పీల్చడం కాదు, ఆస్వాదించడం. ముందు ముక్కుని తయారు చేసుకోవాలి" అన్నాడు. బ్రిటన్ పార్లమెంటులో 1693లోనే పొగ తాగడం మానిపించారట, అందుకని కామన్స్ సభ గుమ్మం దగ్గర సభ్యుల కోసం తమరి డబ్బీ ఒకటి ఉంచే ఆనవాయితీ ఉందట. మన చట్టసభల్లో ఆ ఏర్పాటు లేనందుకు సంతోషించాను. మైకులు విరగ్గొట్టడానికే సమయం చాలడం లేదు.

నలభై ఏడేళ్లుగా నా ముక్కు ఊపిరికీ కళ్లజోడుకీ తప్ప దేనికీ పనికిరాదనుకున్నాను. దానికి కూడా చదువు చెప్పించవచ్చని తెలిసేసరికి పొంగిపోయాను.

చదువు పద్ధతిగానే మొదలుపెట్టాను. వాసన పోయినవాళ్ల కోసం జర్మనీలో డ్రెస్డెన్ వైద్యులు ఒక సాధన పెట్టారు, 2009లో ఫలితాలు ప్రచురించారు. గులాబీ, నిమ్మ, లవంగం, యూకలిప్టస్, ఈ నాలుగూ రోజుకి రెండు పూటలు, 12 వారాలు వాసన చూడాలి. పాపం వాళ్లు రోగుల కోసం పెట్టారు, నేను తమరి కోసం వాడుకున్నాను. పొద్దున్నే పోపుల డబ్బా ముందు కళ్లు మూసుకుని నిలబడితే మా ఆవిడ చూసి, "లవంగం లవంగంలా ఉందని తెలుసుకోవడానికి జర్మనీ దాకా ఎందుకండీ?" అంది.

తమరి కొలువులో మొదటి పాఠం తుమ్మకపోవడం. గట్టిగా ఎగబీలిస్తే గొంతులోకి దిగిపోతారు, అది మోటుతనం. మల్లెపువ్వు వాసన చూసినంత సుతారంగా లాగి, ముక్కు ముందు భాగంలోనే ఆపాలి. నేను ఆపలేకపోయాను. సరిగ్గా అప్పుడే మా ఆవిడ ఆఫీసుకి గడప దాటుతోంది. ఒక తుమ్ము అపశకునం, రెండోది వస్తే దోషం పోతుందంటారు కదా. తమరి దయవల్ల నాకు ఏడు వచ్చాయి. ఆవిడ వేళ్లు మడిచి లెక్కపెట్టి, బేసి సంఖ్య అని తేల్చి, చెప్పులు విప్పి మంచినీళ్లు తాగడానికి కూర్చుంది. ఆ రోజు ఆఫీసులో ఆలస్యానికి కారణం ఏం రాసిందో నేను అడగలేదు.

అయినా పట్టు వదల్లేదు. నోట్సు రాశాను. మొదటి వారం: మంట. రెండో వారం: మంట, వెనకాల కొంచెం నారింజ. మూడో వారం: గడ్డివాము, తడి గోనెసంచి, అమ్మమ్మగారింటి బీరువా. గడ్డివాము నా కవిత్వం కాదండీ. టోంకా గింజలో కూమరిన్ అనే వాసన పదార్థం ఉంటుంది, కొత్తగా కోసిన ఎండుగడ్డి వాసనా దానిదే. ఆ ఒక్క మార్కుతో వారం రోజులు కాలర్ ఎగరేసుకు తిరిగాను.

తర్వాత, చదవకూడనివి కూడా చదివాను. మనిషి ముక్కు పైభాగంలో వాసనలు పట్టే గ్రాహకాలు దాదాపు 400 రకాలట. ఆ గుట్టు 1991లో విప్పిన లిండా బక్, రిచర్డ్ ఆక్సెల్‌లకు 2004లో నోబెల్ ఇచ్చారు. మంట మాత్రం ఆ ఖాతాలోకి రాదు, అది ముఖానికి స్పర్శ, నొప్పి తెలిపే మరో నరం పని. అంటే మొదటి వారమంతా నేను కళ్లు మూసుకుని, తల పంకిస్తూ ఆస్వాదించింది వాసన కాదు. నొప్పి.

మన పక్క తమరిని నేతితో, సున్నంతో నూరే అలవాటుంది కదా. సున్నం రుచి కోసమనుకునేవాణ్ని. క్షారగుణం వల్ల నికోటిన్ విడిపడి, ముక్కు పొరలోంచి చప్పున రక్తంలోకి పోతుందట. అంటే సువాసన వీధి వాకిట్లో సన్నాయి వాయిస్తుంటుంది, అసలు పెద్దమనిషి దొడ్డిదారిన ఇంట్లోకి వస్తాడు. ఆయన పేరు కూడా తమరి పాత సిఫారసుదారుదే. 1560 ప్రాంతంలో ఫ్రాన్సు రాయబారి జాన్ నికో తమరిని తలనొప్పి మందని రాజమాత కేథరిన్ డి మెడిచికి పంపాడు. 1761లోనే లండన్‌లో జాన్ హిల్ అనే ఆయన తమరివల్ల ముక్కులో పుండ్లు లేస్తున్నాయని రాశాడు. ఇవాళ ప్రపంచ ఆరోగ్య సంస్థవారి క్యాన్సర్ పరిశోధన విభాగం పొగలేని పొగాకును నిస్సందేహంగా క్యాన్సర్ తెచ్చేవాటి జాబితాలో పెట్టింది. డబ్బాలతో పాటు బావమరిది ఇచ్చిన పరిమళాల పట్టికలో ఈ పరిమళం లేదు.

తమరి పేరు గురించి ఒక మాట. మా ఆవిడ నిలదీసినప్పుడు "నస్యం ఆయుర్వేదంలోనే ఉంది" అని దబాయించాను. ఉంది. పంచకర్మల్లో ముక్కులో ఔషధ తైలం చుక్కలు వేసే చికిత్స అది. తమరేమో పోర్చుగీసు ఓడలతో ఈ దేశం వచ్చినవారు. 1617లో జహంగీరు పొగాకును నిషేధించాడు కూడా. చరకుడి ఇంటిపేరు తగిలించుకుని ఇన్నాళ్లు తిరిగారంటే ముక్కున వేలేసుకోవాలనిపించింది. వేసుకుంటే మళ్లీ తుమ్ము.

ఇక అసలు ఫిర్యాదు. పదకొండో వారం, ఆదివారం. ఆ రోజుకి ఎనిమిదో పట్టు. వంటింటి గుమ్మంలో నిలబడి బవేరియావారిని పరీక్షిస్తున్నాను. ఎన్నడూ లేనంత గొప్పగా అనిపించారు. నోట్సులో ఇలా రాసుకున్నాను: "కాల్చిన కట్టె. అడుగున చిరుతీపి. చివర్లో ఇనుప వాసన. అద్భుతం." ఇంకో వాక్యం రాయబోతుంటే మా ఆవిడ మేడ మీద నుంచి పరుగెత్తుకొచ్చి, నన్ను పక్కకి నెట్టి, పొయ్యి ఆపేసింది. కందిపప్పు అడుగంటి, గిన్నె నల్లబడి ఉంది. డాబా మీద బట్టలారేస్తున్న మనిషికి అందిన వాసన, నాలుగడుగుల దూరంలో ఉన్న శిక్షణ పొందిన ముక్కుకి తమరి ఘనతగా తోచింది.

ఆవిడ ఏమీ అనలేదు. నోట్సు తీసుకుని, ఆ పేజీ చదివి, గిన్నె నా చేతిలో పెట్టింది.

డబ్బాలు నాలుగూ వాపసు పంపుతున్నాను. బావమరిదికి విడిగా రాస్తాను. చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి మాజీ శిష్యుడు

తా.క.: తాతయ్య వెండి డబ్బీ ఇప్పుడు మా అమ్మ దగ్గర కుంకుమభరిణె. చింతపండుతో ఎన్నిసార్లు తోమిందో లెక్కలేదు. అయినా శుక్రవారం పూజలో మూత తీయగానే ఆవిడకి ఒక తుమ్ము వస్తుంది. ఒక్కటే. దయచేసి రెండోది కూడా రప్పించగలరు.