భూకేంద్రానికి బోరు

పోయిన ఎండాకాలం మా మామయ్య పొలంలో 900 అడుగుల బోరు వేయించాడు. దుమ్ము పడింది. అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని పాయింట్ చూపించిన పెద్దమనిషి మాత్రం, "ఇంకో వంద వేయించు నాయనా, కింద గంగ ఉంది" అన్నాడు. భూకేంద్ర యాత్ర మీద నాకు నమ్మకం కుదిరింది అప్పుడే. 'ఇంకో వంద' అనుకుంటూ పోతే ఎప్పటికైనా చేరం?

కేంద్రం 6,371 కిలోమీటర్లు. బోరు భాషలో సుమారు 2 కోట్ల 9 లక్షల అడుగులు. మొదటి 300 అడుగులకి ఒక రేటు, ఆపైన ప్రతి వందకీ పెరుగుతుందని రిగ్గు వాళ్లు ముందే చెప్పేశారు. కేసింగ్ పైపు ఖర్చు వేరు.

ఈ పనిలో రష్యా వాళ్లది పెద్ద చెయ్యి. కోలా ద్వీపకల్పంలో 1970లో మొదలెట్టి 1989 నాటికి 12,262 మీటర్లు దిగారు. బొక్క వెడల్పు 23 సెంటీమీటర్లు, మా బోరు కంటే కాస్త పెద్దది. పంతొమ్మిదేళ్లకి అయిన దారి 520 వంతుల్లో ఒక్క వంతు. ఇదే స్పీడులో వెళ్తే పదివేల ఏళ్లలో చేరిపోతాం. మామయ్య లోను అప్పటికీ తీరదనుకోండి, అది వేరే సంగతి.

వాళ్లని ఆపింది వేడి. అడుగున 100 డిగ్రీలుంటుందనుకుంటే 180 తగిలింది. అంటే మిరపకాయ బజ్జీలు వేగే నూనె. ఆ వేడికి రాయి మెత్తబడి, తవ్విన చోటే మళ్లీ పూడుకుపోయేది. అసలు అన్యాయం ఏమిటంటే, అడగని వాళ్లకి కిలోమీటర్ల లోతున నీళ్లు పడ్డాయి!

ఇంకా దిగితే 5,000 డిగ్రీలు దాటుతుంది, ఒత్తిడి మన గాలి ఒత్తిడికి 36 లక్షల రెట్లు. ఒకటే ఊరట, కేంద్రంలో మన బరువు సున్నా. వాకింగ్ మానేసిన వాళ్లు ఆలోచించవచ్చు.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఇంగే లేమాన్ మాత్రం గడ్డపార ముట్టకుండానే, భూకంపాల రీడింగులు చదివి, లోపల గట్టి గుండు ఒకటి ఉందని 1936లో తేల్చేశారు. పుచ్చకాయ తట్టి చూసినట్టన్నమాట. ఈ మాట కొబ్బరికాయ పెద్దమనిషికి చెబితే, "మరి నేను చేసేదీ అదేగా!" అన్నాడు.

కోలా బొక్కకి చివరికి ఇనప మూత పెట్టి బోల్టులు బిగించేశారు. మా బోరు ఫెయిలవగానే రిగ్గు వాళ్లు కేసింగ్ పైపు కూడా పీక్కుపోయారు. మామయ్య దాని మీద యూరియా సంచి కప్పి, ఎగిరిపోకుండా ఒక రాయి పెట్టాడు. "అటు పోకండర్రా!" అని అత్తయ్య అప్పుడప్పుడూ పిల్లల్ని కేకేస్తుంటుంది.