మూడో కోటింగు

మా కాలువగట్టు పార్కులో కొబ్బరిచెట్లకి జరుగుతున్న వైద్యం గురించి కోనసీమంతా తెలుసుకోవాలి. చెట్టు మొదట్లోంచి ఎర్రటి గోధుమరంగు బంక కారుతోందంటే గానోడెర్మా తెగులనీ, మట్టిలో ఉండే బూజు వేళ్లని కుళ్లబెడుతోందనీ, కింది మట్టలు పండిపోయి కాండానికి అంటుకుని వేలాడేది అందుకేననీ మనలాంటి అజ్ఞానులం అనుకుంటాం. పార్కు కమిటీవారికి అలాంటి అపోహల్లేవు. అది మరక. మరకకి మందు సున్నం, పైన జేగురు పట్టీ.

మొదటి కోటింగు ఆగస్టు 15కి. దసరాకల్లా బంక సున్నంలోంచి మళ్లీ తొంగిచూసింది. రెండో కోటింగు. జనవరి 26కి మూడోది వేస్తుంటే నేనక్కడే ఉన్నాను, నా ఖర్మ. చెట్టు మొదట్లో నేలకి ఆనుకుని విసనకర్రలా ఓ పుట్టగొడుగు, అరచెయ్యంత, పైన ఎర్రగా నిగనిగ, అంచు తెల్లగా. పెయింటరు బ్రష్ ఆపేసి "దీనికెవరో ముందే వార్నిష్ కొట్టేశారండీ, మళ్లీ కొట్టాలా?" అన్నాడు. అధ్యక్షులవారు కళ్లజోడు పెట్టుకుని వంగారు, కోశాధికారి కూడా వంగారు, వాకింగ్ ఆపి మరో నలుగురు వంగారు. ఉన్నది సున్నం హద్దులో, పుట్టింది జేగురు రంగులో, ఎటు చేర్చాలి? అరగంట చర్చ. చివరికి వంటికి సున్నం, అంచుకి జేగురు అని తీర్మానించారు. "ఆయ్, ఇప్పుడు కళొచ్చిందండీ" అన్నారెవరో. ఆ పుట్టగొడుగు పైకి కనిపించిందంటే లోపల చెట్టు పని దాదాపు అయిపోయినట్టేనని కొబ్బరికాయల దింపు తీసే కుర్రాణ్ణి అడిగినా చెప్పేవాడు. అతనికి కమిటీలో సభ్యత్వం లేదు.

సున్నం మీద అంత మోజుంటే దాంట్లో మైలుతుత్తం కలిపి 1 శాతం బోర్డో మిశ్రమం చేసి, చెట్టుకి 40 లీటర్లు మొదట్లో పోయొచ్చు కదా! లేదంటే ఏటా 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా (తెగులు బూజుని అణిచే మంచి బూజు) కలిపి పాదులో వెయ్యొచ్చు (రెండూ ఒకేసారి కాదు మహాప్రభో, బోర్డోలోని రాగి ట్రైకోడెర్మాని చంపుతుంది). రోగం పట్టిన చెట్టు చుట్టూ రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తవ్వితే పక్కచెట్టు వేళ్లకి పాకదు. ఇవన్నీ నేను కనిపెట్టినవి కావు, బస్సెక్కితే అంబాజీపేటలో ఉద్యాన పరిశోధన స్థానం ఉంది, అడిగితే ఊరికే చెప్తారు.

మనవాళ్లు చేసిందేంటి? పాదు దాకా టైల్స్ పరిచి, చెట్లన్నిటికీ కలిపి ఒకే బోదె తీశారు. రోగపు చెట్టు మొదలు కడిగిన నీళ్లు వరసగా మిగతా పదకొండు చెట్లకీ వెళ్తాయి, అక్కణ్నుంచి కానుగకీ సీమతంగేడుకీ, వాటినీ వదలదీ బూజు. గట్టు అవతల కౌలుకి తోట చేసుకునే రైతులున్నారు, వాళ్లకి కొబ్బరంటే ఫొటోల వెనకాల నిలబడేది కాదు, పిల్లల ఫీజు! 1996 నవంబరు తుపానుకి తలవంచని చెట్టయ్యా అది. దాన్ని చంపింది గాలి కాదు, మీరు. వేపపిండికి డబ్బుల్లేవన్నారు, సున్నానికీ జేగురుకీ మాత్రం చందాలు పోగేశారు.

మొన్న నరికేశారు. మొద్దూ వేళ్లూ లోపలే వదిలేసి, పైన గుప్పెడు మట్టి పోసి, అదే గోతిలో కడియం నుంచి తెచ్చిన రాయల్ పామ్ నాటి చప్పట్లు కొట్టారు. దానికింకా రంగు వెయ్యలేదు. కాండం సన్నం కదా, బ్రష్ పట్టదట.