టైరు ఎన్ని కిలోమీటర్లు వస్తుందో తర్వాత, వానలో ఎలా ఆగుతుందో ముందు

బండ్ల గ్రూపుల్లో ఎవరైనా కొత్త టైరు ఫోటో పెడితే కింద మొదటి కామెంట్ ఏం వస్తుందో చూడకుండానే చెప్పొచ్చు. "ఎన్ని కిలోమీటర్లు వస్తుందన్నా?" రెండోది, "ఎంత పడింది?" మూడోది ఎవరో తమ్ముడిది: "స్పోర్ట్ టూరింగ్ ఎందుకు బ్రో, సాఫ్ట్ కాంపౌండ్ వేయించాల్సింది, గ్రిప్పే వేరు." వానలో బ్రేక్ పట్టుకుంటే ఎలా ఆగుతుందన్నా అని అడిగినవాణ్ణి నేనింతవరకు చూడలేదు. ఈ పోస్టు అందుకే. పెద్దది, ఓపిక ఉంటేనే చదవండి.

నాది 650 సీసీ ట్విన్, అంటే రెండు సిలిండర్ల బండి. టైరు సైజులు ముందు 120/70, వెనక 160/60, రెండూ 17 అంగుళాల రిమ్ములు. రోజూ ఆఫీసు, సెలవు దొరికితే హైవే, కుదిరితే ఏదో ఒక ఘాట్. మనలో చాలామంది వాడకం ఇదే. పొడి రోడ్డు మీద, పగటిపూట, ఎనభై తొంభైలో పోతున్నంతసేపు మంచి టైరుకీ మామూలు టైరుకీ తేడా మనకు తెలియను కూడా తెలియదు. తెలిసేది ఎప్పుడంటే, జులైలో విజయవాడ హైవే మీద చీకటి పడే వేళ వాన పట్టుకున్నప్పుడు. టోల్ గేటు క్యూలో లారీలు కార్చిన ఆయిలంతా నీళ్ల మీద తేలుతుంటుంది. లేన్ మారాలంటే లావుపాటి తెల్లగీత దాటాలి, తడిసిన ఆ పెయింటు మీద పట్టు ఒక్కసారిగా పోతుంది. వంతెనల జాయింట్ల దగ్గర ఇనుప పట్టీలు. పొలంలోంచి రోడ్డెక్కిన ట్రాక్టరు వదిలిపోయిన నల్లరేగడి బురద. ఇవన్నీ చూసుకుంటూ పోతుంటే డివైడర్ సందులోంచి లైటు లేని ఆటో ఒకటి రాంగ్ రూట్లో ఎదురొస్తుంది. టైరు కొనాల్సింది ఆ క్షణం కోసం. ఆదివారం పొద్దున టిఫిన్ రైడ్ కోసం కాదు.

(రోడ్డు మీద ఆరబోసిన వడ్లు, మక్కల మీద మాత్రం ఏ కంపెనీ టైరూ పట్టుకోదు. బ్రేక్ ముట్టుకోకుండా, హ్యాండిల్ కదపకుండా మెల్లగా దాటడమే. రైతును తిట్టకండి, కల్లం ఉంటే ఆయన రోడ్డు మీదికి ఎందుకొస్తాడు?)

స్పోర్ట్ టూరింగ్ టైరును తయారుచేసేదే ఇలాంటి వాడకానికి. ఈ రబ్బరులో సిలికా అనే పొడి బాగా కలుపుతారు. దానివల్ల టైరు పూర్తిగా వేడెక్కకముందే, తడి రోడ్డు మీద కూడా పట్టు దొరుకుతుంది. ఆ తమ్ముడు చెప్పే సాఫ్ట్ కాంపౌండ్, అంటే రేసు ట్రాక్ కోసం చేసిన మెత్తటి రబ్బరు టైరుకు, ముందు వేడి కావాలి. వానలో ఆ వేడి రాదు, వచ్చినా నిలవదు. పైగా దాని మీద గాడులు తక్కువ, నీళ్లు పోయే దారి తక్కువ. ఎండాకాలం మధ్యాహ్నం మన రోడ్ల మీద అది ఇట్టే వేడెక్కుతుంది, నిజమే. ఎంత త్వరగా వేడెక్కుతుందో అంత త్వరగా అరిగిపోతుంది కూడా. ఆ పట్టంతా వాడుకోవడానికి బండిని ఎంత వాల్చాలో, మన ఘాట్ రోడ్డులో గుడ్డి మలుపు అవతల ఆర్టీసీ బస్సు ఉందో, పడుకున్న బర్రె ఉందో తెలియనప్పుడు ఎంత వాల్చగలమో మీరే ఆలోచించుకోండి. టైరు అంచుదాకా అరగలేదని సిగ్గుపడి, పార్కింగ్‌లో రౌండ్లు కొట్టి అరగదీసే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్లతో నాకు వాదన లేదు.

విదేశాల్లో కంపెనీలు దేని మీద పోటీ పడుతున్నాయో చూస్తే మన గ్రూపుల మీద నాకు ఇంకా కోపం వస్తుంది. మిషెలిన్ వాళ్లు 2011లో పైలట్ రోడ్ 3 తెచ్చారు. టైరు మీద సైప్స్ అనే సన్నటి గాట్లు పెట్టి, రోడ్డు మీది నీటి పొరను తెంచడం దాని ప్రత్యేకత. 2018లో వచ్చిన రోడ్ 5లో ఆ గాట్లు పైన సన్నగా, లోపలికి పోయేకొద్దీ వెడల్పుగా ఉంటాయి. టైరు అరిగేకొద్దీ గాటు వెడల్పవుతుంది, కాబట్టి నీళ్లు పోయే దారి మూసుకుపోదు. ఆ ఆకారం అచ్చుల్లో రావడానికి లోహపు త్రీడీ ప్రింటింగ్ వాడాల్సి వచ్చింది. 5 వేల కిలోమీటర్లకు పైగా తిరిగిన రోడ్ 5 కూడా తడి రోడ్డు మీద కొత్త పైలట్ రోడ్ 4 ఆగినంత దూరంలోనే ఆగుతుందని కంపెనీ చెప్పుకుంది. పిరెల్లి 2019లో ఏంజెల్ జీటీ 2 తెచ్చినప్పుడు, రేసుల్లో సగం తడి ట్రాక్ మీద వాడే ఇంటర్మీడియట్ టైరు నుంచి ఆ డిజైన్ తీసుకుని మధ్యలో రెండు పొడవాటి గాడులు పెట్టింది. అదీ నీళ్ల కోసమే. కంపెనీల మాటలు కొంత తగ్గించి తీసుకుందాం, సరే. అయినా వాళ్లు దేని గురించి గొప్పలు చెప్పుకుంటున్నారు? అరిగిన టైరు వానలో ఎలా ఆగుతుందన్న దాని గురించి. మనమేమో ఎన్ని వేలు వస్తుందన్న దగ్గరే ఆగిపోయాం.

పోనీ ఆ కిలోమీటర్ల లెక్కే చూద్దాం. వెనక టైరు అరిగేది మధ్యలో. హైదరాబాద్ నుంచి బెంగళూరుకు ఎన్‌హెచ్ 44 పట్టుకుని పోతే దాదాపు 570 కిలోమీటర్లు, మలుపు అనదగ్గ మలుపులు పెద్దగా తగలవు. బ్యాగులు, వెనక మనిషి, గరుకు రోడ్డు, ఎండ, అంతా ఆ మధ్య పట్టీ మీదే. అందుకే ఇప్పుడు చాలా స్పోర్ట్ టూరింగ్ టైర్లలో మధ్యలో గట్టి రబ్బరు, పక్కల మెత్తటి రబ్బరు ఉంటుంది. మిషెలిన్ 2007లో పైలట్ రోడ్ 2తో ఈ పద్ధతి తెచ్చాక అది అందరికీ అలవాటైపోయింది. అలా చేసినా మన హైవేల మీద మధ్య భాగం బల్లపరుపు అవుతుంది. ఇంకా గాడి లోతు ఉంది కదా, రెండు మూడు వేలు లాగిద్దాం అనుకుంటాం. లోతు ఉంది, ఆకారం పోయింది. హవాయి చెప్పు మడమ ఒకవైపు అరిగాక నడక ఎలా ఉంటుందో, ఆ టైరుతో బండి అలా ఉంటుంది. నేరుగా పోతున్నంతసేపు ఏమీ తెలియదు. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ ఎక్కండి, అప్పుడు తెలుస్తుంది. మలుపులో బండిని వాల్చబోతే ముందు మొండికేస్తుంది, తర్వాత ఒక్కసారిగా పడినట్టు వాలుతుంది. ఆ రోడ్డు మీద ఎప్పుడూ ఆకులు, తేమ. అక్కడ బండి మనకు చెప్పకుండా కదిలితే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్లకు తెలుసు. కొందరు సస్పెన్షన్ పాడైందని మెకానిక్ దగ్గరికి పోయి డబ్బులు పెట్టి, చివరికి టైరు మార్చాక సరిపోయిందని వస్తారు.

గాడిలో అడ్డంగా చిన్న దిమ్మెలుంటాయి, టైరు పక్కన టీడబ్ల్యూఐ (TWI, అరుగుదల గుర్తు) అని రాసిన చోట చూడండి. బైకు టైర్లలో వాటి ఎత్తు సాధారణంగా 0.8 మిల్లీమీటర్లు. రబ్బరు అక్కడిదాకా అరిగిందంటే ఇక టైరు పనికిరాదని అర్థం, అక్కడిదాకా లాగొచ్చని కాదు. వానాకాలం ముందు నేను దానికి చాలా పైనే మార్చేస్తాను. ఇంట్లో "మొన్ననే కదా వేయించావు" అంటారు. అనేది వాళ్ల ధర్మం.

ఇక గాలి. దీని గురించి ఎంత అరిచినా తక్కువే. "ఎండాకాలం కదా సార్, రెండు పాయింట్లు తగ్గిస్తా" అని బంకులో పిల్లాడు అంటాడు, మనవాళ్లు తలూపుతారు. టైరులో గాలి తగ్గితే పక్కగోడ ఎక్కువ వంగుతుంది, వంగినకొద్దీ వేడి పుడుతుంది. వేడికి భయపడి గాలి తగ్గిస్తే ఇంకా వేడెక్కుతుంది, అంతే. గాలి వేడెక్కితే ఒత్తిడి పెరగడం మామూలే. 36 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత, బంకులో పాయింట్లు అనేది దీన్నే) ఉన్న టైరులో 10 డిగ్రీలు పెరిగితే ఒకటిన్నరకు పైగా పెరుగుతుంది. తయారీదారు చెప్పే అంకె చల్లటి టైరుకు, ఆ పెరుగుదల కూడా లెక్కలో వేసుకునే చెప్తాడు. పది కిలోమీటర్లు తోలి బంకుకు వెళ్లి, మీటరు ఎక్కువ చూపిస్తోందని గాలి వదిలేస్తే మర్నాడు పొద్దున చూడండి, తక్కువ ఉంటుంది. ఒక మంచి గేజ్, ఒక కాలిపంపు ఇంట్లో పెట్టుకోండి. పొద్దున బండి తీయకముందు చూసుకోవడమే. పైసలు తీసుకుని నైట్రోజన్ కొట్టేవాళ్లకు ఒక నమస్కారం. మామూలు గాలిలోనే 78 శాతం అది ఉంది.

అసలు ఈ కథంతా టైరు దొరికితే కదా. 2020 జూన్‌లో కేంద్రం టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో పెట్టింది. అప్పటిదాకా ఎవరైనా తెప్పించి అమ్మగలిగేది, ఆ తర్వాత లైసెన్సు లేకుండా వీలుకాలేదు. దానికి ముందు నుంచే ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. దేశీ పరిశ్రమ పెరగాలన్న ఉద్దేశం తప్పని నేను అనను. కార్ల టైర్లు, చిన్న బైకుల టైర్లు ఇక్కడే కోట్లలో తయారవుతున్నాయి. కానీ పెద్ద బండ్ల వెనక టైర్లకు వాడే 180/55, 190/55 లాంటి సైజుల్లో ఎంపిక అనేది ఒక్క దెబ్బకు చిక్కిపోయింది. సదాశివపేట దగ్గర ఎంఆర్‌ఎఫ్ ఫ్యాక్టరీ ముందు నుంచే బైకేసుకుని వెళ్తాం, ఆంధ్రలోని చినపాండూరులో అపోలో టైర్ల ప్లాంటు కూడా ఉంది, అయినా పెద్ద బండికి వెనక టైరు కావాలంటే బెంగళూరుకో ముంబైకో ఫోన్ చేయాలి. దీనివల్ల బాగుపడింది పాత స్టాకు గోడౌన్లో పెట్టుకున్నవాడు. నాకు తెలిసిన ఒకరికి ఒక షాపువాడు "ఫ్రెష్ పీస్ సార్" అని అమ్మాడు, ఇంటికొచ్చి చూసుకుంటే టైరు పుట్టి నాలుగేళ్లు దాటింది.

మంచి మాట కూడా చెప్పాలి. ఆ ఖాళీలోకి మనవాళ్లు వచ్చారు. అపోలో 2009లో కొన్న డచ్ కంపెనీ వ్రెడెస్టైన్ పేరుతో సెంటారో ఎస్‌టీ వచ్చింది, టీవీఎస్ యూరోగ్రిప్ వాళ్ల రోడ్‌హౌండ్ వచ్చింది, అపోలో ఆల్ఫా హెచ్1 ముందు నుంచే ఉంది. "ఇండియన్ టైరా, ఛీ" అనే బ్యాచ్ ఒకటుంది. లక్షలు పోసి బండి కొని, పేరు కోసం ఐదేళ్ల నాటి ఫారిన్ టైరు వేయించుకుంటారు. ఎండిపోయిన పెద్ద పేరు టైరు కంటే మొన్న తయారైన దేశీ రేడియల్ (లోపలి దారాలు అంచు నుంచి అంచుకు అడ్డంగా పోయే రకం టైరు) నాకు వెయ్యిరెట్లు నయం. పాతబడ్డ రబ్బరు గట్టిపడుతుంది, వానలో ముందు చేతులెత్తేసేది అదే. టైరు పక్కన డాట్ (DOT) అని రాసిన చోట చివరి నాలుగంకెలు చూడండి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 2323 అంటే 2023లో 23వ వారం. ఈ ఒక్క అంకె కొనేముందు అడగండి, షాపువాడి ముఖకవళికలు మారితే మీకు జవాబు దొరికినట్టే. 2025 సెప్టెంబరులో టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది, పాత స్టాకు మీద పాత ధర చెప్పేవాళ్లతో బేరం ఆడటానికి మొహమాటపడకండి.

ఎక్కించే సంగతి రెండు ముక్కల్లో. రెండు ఇనుప రాడ్లు, ఒక సుత్తి పెట్టుకున్న పంక్చర్ షాపులో ఎక్కించుకోకండి, రిమ్ము గీతలు పడుతుంది, ఒక్కోసారి అంచు దెబ్బతిని గాలి కారుతుంది. బైకు చక్రానికి బ్యాలెన్సింగ్ చేసే చోటు వెతుక్కోండి. తిరిగే దిశ చూపే బాణం గుర్తు మీరే చూసుకోండి, తిరగేసి ఎక్కించిన టైరు నేను కళ్లారా చూశాను. వాల్వు కూడా అప్పుడే మార్పించండి, అదెంతో కాదు. కొత్త టైరు పైపొర నున్నగా ఉంటుంది కాబట్టి మొదటి వంద, నూటయాభై కిలోమీటర్లు నెమ్మదిగా, కాస్త కాస్త వాలుస్తూ తోలండి. షాపు గుమ్మం ముందే యాక్సిలరేటర్ తిప్పి పడ్డవాళ్ల వీడియోలు మీరూ చూసే ఉంటారు.

"అయితే ఏ టైరు వేయమంటావన్నా, పేరు చెప్పు" అని ఎలాగూ అడుగుతారు. మీ సైజులో, ఏడాది లోపు తయారైన, బండి పుస్తకంలో రాసిన లోడ్, స్పీడ్ సూచికలకు (ఎంత బరువు, ఎంత వేగం తట్టుకుంటుందో చెప్పే అంకె, అక్షరం) తగ్గని స్పోర్ట్ టూరింగ్ రేడియల్ ఏది దొరికితే అది. పేరు నాలుగో విషయం. ముందూ వెనకా ఒకే జత అయితే ఇంకా మంచిది. దుమ్ము రోడ్లు ఎక్కువ తొక్కే అడ్వెంచర్ బండ్లవాళ్లకు ఈ పోస్టు వర్తించదు, మీ లెక్క వేరు.

నాకూ వెనక టైరు మార్చే టైము దగ్గర పడింది. 160/60 జెడ్‌ఆర్ 17, 69డబ్ల్యూ. హైదరాబాద్‌లో ఎవరి దగ్గరైనా స్టాకుందని తెలిస్తే కింద పెట్టండి. ధర తర్వాత మాట్లాడుకుందాం, ముందు ఆ నాలుగంకెల ఫోటో కావాలి. "ఫ్రెష్ బ్రో" అని రాస్తే కుదరదు.