అడగడమైతే అడిగాం కదా!

పిట్స్‌బర్గ్ పైరేట్స్ బేస్‌బాల్ జట్టు ఈ చలికాలంలో సాధించిన ఘనకార్యాన్ని తెలుగు లోకానికి విన్నవించుకోవడం నా కర్తవ్యం. ఏం సాధించారంటారా? అడిగారు. కైల్ ష్వార్బర్ అనే ఆసామిని, 2025లో ఫిలడెల్ఫియా తరఫున 56 హోమ్ రన్లు (మన క్రికెట్ సిక్సర్లలాంటివి) బాదినవాణ్ణి, మా ఊరొస్తావా నాయనా అని అడిగారు. నాలుగేళ్ళకు 12.5 కోట్ల డాలర్లు ఇస్తామన్నారని వార్త. ఆయన డిసెంబరులో ఫిలడెల్ఫియాతోనే ఐదేళ్ళకు 15 కోట్లకు సంతకం చేసి ఉన్నచోటే ఉండిపోయాడు. అయితేనేం, ఆనాటి నుంచీ ఇక్కడ ఒకటే మాట: అడగడమైతే అడిగాం కదా!

అడగడమూ ఒక ఘనతేనా అని పెదవి విరిచేవాళ్ళకి ఈ జట్టు చరిత్ర తెలియదు. బయటి మార్కెట్లో స్వేచ్ఛగా తిరిగే ఆటగాడికి పైరేట్స్ ఇంతవరకూ ఇచ్చిన అతిపెద్ద కాంట్రాక్టు మూడేళ్ళకు 3.9 కోట్ల డాలర్లు. పుచ్చుకున్నవాడు ఫ్రాన్సిస్కో లిరియానో, కాలం 2014 డిసెంబరు. ఇప్పుడు ఎల్‌కేజీలో చేరిన పిల్లలు అప్పటికి పుట్టనేలేదు. అలాంటి ఇంటి గడప దాటి 12.5 కోట్లు అనే మాట బయటికొచ్చిందంటే, పలికిన నోరు ఎంత నొప్పి పెట్టి ఉంటుందో కాస్త ఆలోచించండి.

మన వైపు ఒక పెద్దమనిషి ఉన్నాడనుకుందాం. కొడుక్కి వయసు మీరిపోతోంది. ఊరంతా పోరగా పోరగా ఓ రోజు పంచె కట్టి, కండువా వేసి, జిల్లాలోకెల్లా పెద్దింటికి వెళ్ళి పిల్లనడిగాడు. వాళ్ళు మర్యాదగా కాఫీ ఇచ్చి, మా అమ్మాయికి ఆల్రెడీ కుదిరిందండీ అన్నారు. పెద్దమనిషి తిరిగొచ్చాడు. వచ్చినవాడు తలుపేసుకుని పడుకున్నాడా? లేదు. వీధికడ్డంగా షామియానా వేయించాడు. బ్యాండు మేళం పిలిపించాడు. శుభలేఖలు కొట్టించాడు: "మా చిరంజీవికి ఫలానా వారి అమ్మాయిని అడిగితిమి, వారు కాదనిరి, కావున తామెల్లరూ సకుటుంబంగా విచ్చేసి..." బంధువులు దిగారు. "బావగారూ, పోనీలెండి, గట్టిగానే అడిగారట!" "ఆ, మరేమనుకున్నారు! ముప్ఫై ఎకరాలు రాసిస్తానన్నాను." "అబ్బో! వాళ్ళు ఒప్పుకుని ఉంటే?" పెద్దమనిషి మొహంలో రక్తం ఇంకిపోయింది. గోడ పట్టుకుని నిలబడి, మంచినీళ్ళు తాగి తేరుకుని, "ఆ మాట అనకండి, గుండె ఆగిపోయేలా ఉంది" అన్నాడు. ఇంతలో ఎవరో కుర్రాడు, "తాతయ్యా, పెళ్ళికూతురేదీ?" అన్నాడు. వాడి నోట్లో ఓ లడ్డూ కుక్కారు. విస్తర్లు లేచాయి. చివర్లో అసలు తంతు: చదివింపులు. ఓ మూల బల్ల వేసి, పుస్తకం తెరిచి, వచ్చినవాళ్ళందరి దగ్గరా వరసగా నూటపదహార్లు రాయించుకున్నారు. వెళ్ళేవాళ్ళకి తాంబూలం ఇచ్చి, "వచ్చే ఏడు ఇంకో సంబంధం అడుగుతున్నాం, తప్పక రండి" అని సాగనంపారు. పెళ్ళికొడుకు మాత్రం పెరట్లో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

ఆ చదివింపుల బల్లనే ఇక్కడ సీజన్ టికెట్ల కౌంటర్ అంటారు.

సరే, అన్యాయంగా మాట్లాడకూడదు. ఈసారి కొంత పని జరిగిన మాట నిజం. 2025లో మేజర్ లీగ్ ముప్ఫై జట్లలో అందరికంటే తక్కువ హోమ్ రన్లు కొట్టింది ఈ జట్టే, మొత్తం 117. ష్వార్బర్ ఒక్కడే అందులో దాదాపు సగం కొట్టాడని గుర్తుచేస్తే నన్ను ఊళ్ళోంచి తరుముతారు. అంచేత బ్యాటర్లు కావాలన్న సత్యం ఎట్టకేలకు తలకెక్కింది. ర్యాన్ ఓహర్న్‌ని రెండేళ్ళకు 2.9 కోట్లకు తెచ్చారు. బయటివాడికి ఒకటికి మించిన ఏళ్ళ కాంట్రాక్టు ఇవ్వడం ఇక్కడ 2016 తర్వాత ఇదే మొదలు. కలం ఎండిపోలేదా, సిరా ఎక్కడిది అని ఎవరూ విచారించినట్టు లేదు. ట్యాంపా నుంచి బ్రాండన్ లౌ అనే ఆటగాణ్ణి పట్టుకొచ్చారు, పోయినేడు 31 హోమ్ రన్లు కొట్టినవాడు. బోస్టన్ నుంచి గార్సియా అనే కుర్రాణ్ణి తెచ్చారు. అతని మొదటి పేరు స్పెల్లింగు చూసి తోటివాళ్ళు "పాస్‌వర్డ్" అని పిలుచుకుంటారట. మంచిదే, ఖజానా తెరవడానికి పాస్‌వర్డే లేకపోయిందన్నది ఇన్నాళ్ళ ఫిర్యాదు.

ఈ ముగ్గురిలో ఇద్దరి కోసం బంతులేసే కుర్రాళ్ళను ఇచ్చుకున్నారు, మైక్ బరోస్‌నీ యోహాన్ ఒవియెడోనీ. ఈ జట్టు మార్పిడి బేరం చేస్తోందంటే ఇక్కడివాళ్ళకి ఎడమ కన్ను అదురుతుంది. 2018లో క్రిస్ ఆర్చర్ అనే ఒక్కడి కోసం టైలర్ గ్లాస్నోనీ ఆస్టిన్ మెడోస్‌నీ ఇచ్చి, అదీ చాలక షేన్ బాజ్‌ని కొసరుగా వేసిన ఇల్లిది.

ఇక పాల్ స్కీన్స్. కొత్త కుర్రాళ్ళను జట్లు వంతులవారీగా ఎంచుకునే 2023 డ్రాఫ్టులో దేశం మొత్తంమీద మొదటి ఎంపిక. వరసగా ఓడిపోతూ వచ్చినందుకు దక్కిన ఫలం. బేస్‌బాల్ తెలియనివాళ్ళకి ఒక్క ముక్కలో చెబుతాను: 2025లో ఈ పిచ్చర్, అంటే బంతులేసేవాడు, తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున ఇచ్చిన పరుగులు, తోటివాళ్ళ పొరపాట్లవల్ల వచ్చినవి తీసేస్తే, 1.97. ఉత్తమ పిచ్చర్‌కి ఇచ్చే సై యంగ్ అవార్డుకి ఓటేసిన ముప్ఫై మందిలో ముప్ఫై మందీ అతని పేరే రాశారు. అంతటివాడి లెక్కలో ఆ ఏడు గెలుపులెన్నో తెలుసా? పది. ఓటములు? అవీ పదే. రెండు పరుగులు కూడా ఇవ్వకుండా మొనగాడు నిలబడితే, మనవాళ్ళు ఒక్క పరుగు కూడా చెయ్యకుండా అతనికి గట్టి పోటీ ఇచ్చారు. ఆ ఏటి జీతం 8.75 లక్షల డాలర్లు. తొలి ఏళ్ళలో కుర్రాళ్ళకి ఎంతివ్వాలన్నది జట్టు చేతిలో ఉండే విషయం, అదీ లీగ్ నియమమే. జీతాలకు పైపరిమితి లేని లీగ్ కాబట్టి నాలుగేళ్ళ తర్వాత స్కీన్స్ ఏ న్యూయార్క్‌కో లాస్ ఏంజెలెస్‌కో వెళ్తాడు. అప్పుడు మనవాళ్ళు విచారవదనంతో, మాది చిన్న మార్కెట్టండీ అంటారు.

చిన్న మార్కెట్టు! ఈ ఊరు మైదానం కట్టించి ఇచ్చింది, అదీ ఎక్కువ భాగం ప్రజల డబ్బుతో. 2001లో తెరిచిన పీఎన్‌సీ పార్క్ అది. కూర్చుంటే ఎదురుగా అలెఘెనీ నది, వంతెన, అవతల నగరం. అంత అందమైన చోట కూర్చోబెట్టి ఇంత అసహ్యమైన ఆట చూపించడం కూడా ఒక కళే. పెద్ద జట్ల ఆదాయంలోంచి చిన్న జట్లకు ఏటా వాటా వస్తుంది. ఆ డబ్బు ఆటగాళ్ళ మీద సరిగ్గా ఖర్చు పెట్టడం లేదని 2018లో ఆటగాళ్ళ సంఘం నాలుగు జట్ల మీద ఫిర్యాదు చేస్తే, అందులో మన పేరుంది. 2007 నుంచి పెత్తనం బాబ్ నటింగ్ గారిది. పోయినేడు సొంతగడ్డ మీద తొలి మ్యాచ్ నాడు అభిమానులు చందాలేసుకుని, "జట్టు అమ్మెయ్ బాబ్" అని బ్యానర్ కట్టిన విమానాన్ని మైదానం మీద తిప్పించారు. అమ్మలేదు. అసలీ ఊరి శివార్లలో, పెన్ హిల్స్‌లో కొండ మీద 1970ల నుంచీ వేంకటేశ్వరుడు ఉన్నాడు. కుబేరుడి దగ్గర అప్పు చేసి మరీ పెళ్ళి చేసుకున్న దేవుడు. ఆయన కాలు పెట్టాక 1979లో ఒక్కసారి, లీగ్ విజేతని తేల్చే వరల్డ్ సిరీస్ దక్కింది. తర్వాత ఆయనకీ విసుగొచ్చినట్టుంది. 1993 నుంచి 2012 దాకా ఇరవై సీజన్లు వరసగా గెలుపులకంటే ఓటములే ఎక్కువ. 2013 నుంచి మూడేళ్ళు కాస్త ఊపిరాడింది, మళ్ళీ షరా మామూలే.

ఇదంతా భరించొచ్చు. ఓడిపోవడం నేరం కాదు, పిసినారితనం కూడా కాదు. కానీ పోయినేడు ఏప్రిల్లో ఆ కుడివైపు గోడ మీద ఏం చేశారో గుర్తుందా? ఆ గోడ ఎత్తు 21 అడుగులు. రాబెర్టో క్లెమెంటె చొక్కా నంబరు 21 కాబట్టి కావాలనే అంత ఎత్తు కట్టారు. ఈ జట్టుకే ఆడి సరిగ్గా మూడు వేల హిట్లు కొట్టిన మనిషి. 1972 డిసెంబరు 31న, నికరాగ్వాలో భూకంపంతో కూలిపోయినవాళ్ళకి సాయం సామాన్లు తీసుకుని వెళ్తూ విమానం సముద్రంలో పడి పోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. పంపిన సామాన్లు మధ్యలో మాయమవుతున్నాయని విని, నేనే వెళ్తాను అని ఎక్కాడు. ఆ మనిషి గుర్తుగా గోడ మీద ఉన్న 21 అంకెను తీసేసి, ఆ చోటుని మందు కంపెనీకి అమ్ముకున్నారు. మందు ప్రకటన పెట్టారు. ఆయన పిల్లలకి ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఊరు ఊరంతా తిట్టాక పొరపాటైందన్నారు, మళ్ళీ పెట్టారు. పొరపాటా? గోడ మీద ఖాళీ ఎంతుందో, దాని ఖరీదెంతో అంగుళాల లెక్కన తెలిసినవాళ్ళకి ఆ అంకె ఎవరిదో తెలియలేదా? కడుపుకి అన్నం తినేవాళ్ళు చేసే పనేనా అది! ఆ నెలలోనే ఇంకోటి. మైదానం కట్టేటప్పుడు అభిమానులు డబ్బిచ్చి, చనిపోయిన తండ్రుల పేర్లూ తాతల పేర్లూ చెక్కించుకున్న ఇటుకలు చెత్తగుట్టలో తేలాయి. విరిగిపోయాయట, కొత్తవి వేస్తారట. ముందుగా కబురు చేస్తే ఎవరిది వాళ్ళు వచ్చి తెచ్చుకునేవారు కదయ్యా. ష్వార్బర్‌ని అడగడం చేతనైంది, వీళ్ళనొకమాట అడగడానికి నోరు పెగల్లేదు.

సరే, ఫిబ్రవరిలో అందరూ సీజన్‌కి ముందు సాధనకని ఫ్లారిడాలోని బ్రాడెంటన్‌లో కలుస్తారు. ఎండ బాగుంటుంది. కానర్ గ్రిఫిన్ అని పంతొమ్మిదేళ్ళ కుర్రాడున్నాడు, దేశంలో అందరికంటే ఆశ పెట్టుకోదగ్గవాడని నిపుణులు అంటున్నారు, నేనూ నమ్ముతున్నాను, ఏం చెయ్యను. ఏప్రిల్లో ఓ వారం గెలుస్తారు. మేలో స్కీన్స్ ఓ మ్యాచ్ 1-0తో ఓడిపోతాడు. బ్రాండన్ లౌ కాంట్రాక్టు ఈ సీజన్‌తోనే ముగుస్తుంది కాబట్టి, జూలై నెలాఖరున అతను వేరే చొక్కాలో కనిపిస్తాడు. బదులుగా ముగ్గురు పిల్లలొస్తారు. 2030కల్లా తయారవుతారు, మోకాళ్ళు నిలిస్తే. ఈలోగా మధ్య విరామంలో పిరోగీల పరుగుపందెం ఉంటుంది, పిండిలో బంగాళదుంప కూరి ఉడికించే ఆ వంటకం వేషాలు వేసుకుని మనుషులు మైదానం చుట్టూ పరిగెడతారు. అందులో ఎవరో ఒకరు గెలిచి తీరతారు కాబట్టి టికెట్ డబ్బులు మరీ అంత దండగ కావు.