నాలుగు మెట్ల సంస్కృతిని కాపాడుకుందాం

తెలుగు నాటకరంగానికి ఒక ముప్పు పొంచి ఉంది. వైకల్యం ఉన్న పెద్దవాళ్లు నాటకాల్లో వేషాలు వేస్తామంటున్నారు. చూస్తామని కాదు, వేస్తామని. చూడటం వరకైతే మనకెప్పుడూ అభ్యంతరం లేదు. మొదటి వరస చివర, నడవాలో, ఫ్యాను గాలి తగలని చోట వాళ్లకి జాగా ఇస్తూనే వచ్చాం. కానీ దివ్యాంగుల దినోత్సవమైన డిసెంబరు 3 కాని ఒక మామూలు సాయంత్రం, టికెట్టు పెట్టి, రంగు పూసుకుని, పెద్ద పాత్రలే కావాలంటే కళాభిమానులు కాస్త ఆలోచించాలి కదా.

అసలు మన రంగస్థలం వైకల్యాన్ని ఏనాడు దూరం పెట్టింది గనక? ధృతరాష్ట్రుడు లేనిదే రాయబారం లేదు. కుంటుకుంటూ శకుని రాకపోతే జూదం మొదలవదు. మంథర లేకపోతే రాముడు అడవికే వెళ్లడు, కథ పట్టాభిషేకంతోనే ముగిసిపోతుంది. ఇన్నిన్ని పాత్రలు ఇచ్చాం. వాటిని పోషించడానికి చూపు బాగున్నవాళ్లు కళ్లు మూసుకుని, కాళ్లు బాగున్నవాళ్లు కాలు ఈడ్చుకుంటూ, నిటారుగా ఉన్నవాళ్లు నడుం వంచి తరతరాలుగా శ్రమపడుతున్నారు. ఇప్పుడు నిజంగా చూపులేనివాడు వచ్చి ధృతరాష్ట్రుడి వేషం అడిగితే వీళ్ల సాధన ఏమైపోవాలి? పైగా అతను అక్కడితో ఆగుతాడన్న నమ్మకమేముంది? రేపు దుర్యోధనుడి వేషం ఇమ్మంటాడు.

ప్రేక్షకుడు నమ్మడన్నది మరో బలమైన వాదన. తెలుగు ప్రేక్షకుడు ఎంత పట్టింపు మనిషో తెలియనిదా! పద్యనాటకంలో ఒకే రాత్రి ముగ్గురు కృష్ణులు వస్తారు. పడక సీనుకి ఒకరు, రాయబారానికి ఇంకొకరు, యుద్ధానికి మూడో ఆయన. మొదటాయన సన్నం, రెండో ఆయనకి పీతాంబరంలో ఇమడని పొట్ట, మూడో ఆయన షష్టిపూర్తి దాటిన మనిషి. ముగ్గుర్నీ ఒకే దేవుడని నమ్మి వన్స్ మోర్లు కొట్టాం. అలాంటి మనకి చక్రాల కుర్చీలో కృష్ణుణ్ణి చూపిస్తారా? పార్థసారథి అన్నవాడు చక్రాలున్న దేని మీదైనా కూర్చున్నాడని ఏ పురాణంలోనైనా రాసి ఉందా?

డౌన్ సిండ్రోమ్ అనే పుట్టు వైకల్యం ఉన్న నటులకి మాటలు గుర్తుండవని కూడా పెద్దలు బాధపడుతున్నారు. సబబే. మన రంగస్థలం మీద జ్ఞాపకశక్తికి ఉన్న ప్రతిష్ఠ అలాంటిది. సైడ్ వింగులో పుస్తకం పట్టుకుని నిలబడే పెద్దమనిషి గొంతు మూడో వరస దాకా వినిపించినా మనం దాన్ని ప్రాంప్టింగ్ అంటాం. అది కళలో భాగం. అదే సాయం వైకల్యం ఉన్న నటుడికి అందితే ‘పాపం, సొంతంగా చెప్పలేడు’ అంటాం. 2012లో ఇంగ్లండులో టామీ జెస్సప్ అనే డౌన్ సిండ్రోమ్ ఉన్న నటుడు హామ్లెట్ వేషం వేశాడు. షేక్‌స్పియర్ వాళ్ల కవి గనక ఆ పాట్లేవో వాళ్లే పడతారు.

ఇక అసలైన ఇబ్బంది ఇంజనీరింగుది. మన కళ్యాణ మండపాలు, కళాక్షేత్రాలు కొన్నింటికి ర్యాంపు ఉంటుంది. అది గేటు దగ్గర మొదలై హాల్లో ఆగిపోతుంది. వేదిక మీదికి మాత్రం మెట్లే. అంటే కట్టినవాళ్ల లెక్కలో వైకల్యం ఉన్న మనిషి ప్రేక్షకుడు, మహా అయితే సన్మానగ్రహీత. సన్మానమైతే నలుగురు కుర్రాళ్లు కుర్చీతో సహా ఎత్తి పైన పెడతారు, ఫోటో కూడా బాగా వస్తుంది. ర్యాంపు కట్టాలంటే అడుగు ఎత్తుకి 12 అడుగుల పొడవు కావాలట. మూడున్నర అడుగుల వేదికకి 42 అడుగులు! అంత జాగాలో ఎన్ని వీఐపీ సోఫాలు పడతాయో లెక్క వేసుకోండి. సురభివాళ్లు నారదుణ్ణి ఆకాశంలోంచి తీగల మీద కిందికి దించుతారు, నిజమే. స్వర్గం నుంచి భూమికి మనిషిని దించడం వేరు, హాల్లోంచి వేదిక మీదికి ఎక్కించడం వేరు. రెండోది చాలా క్లిష్టమైన సాంకేతికత.

చట్టం ఉంది కదా అని కొందరు గుర్తుచేస్తారు. ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో 29వ సెక్షన్ సంస్కృతికి, వినోదానికే కేటాయించారు. కళాకారులకి, రచయితలకి సదుపాయాలు, స్పాన్సర్‌షిప్ ఇవ్వాలని అందులోనే ఉంది. 45వ సెక్షన్ ప్రకారం ప్రజలు వాడే పాత భవనాలన్నీ, ప్రభుత్వానివైనా ప్రైవేటువైనా, నిబంధనలు వచ్చిన ఐదేళ్లలో అందరికీ అందుబాటులోకి రావాలి. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి, ఐదేళ్లు 2022లో అయిపోయాయి. అందుబాటు ప్రమాణాలు సలహాల్లా ఉంటే కుదరదు, తప్పనిసరి చేయండని సుప్రీంకోర్టు 2024 నవంబరులో చెప్పి మూడు నెలల గడువిచ్చింది. చట్టం మాట చట్టానిది, మెట్ల మాట మెట్లది.

మనమేదో వెనకబడ్డామని బెంగపడక్కర్లేదు. 2019లో అమెరికా నటి అలీ స్ట్రోకర్‌కి బ్రాడ్‌వే నాటకాలకిచ్చే టోనీ అవార్డు వచ్చింది. చక్రాల కుర్చీ వాడే నటికి ఆ అవార్డు రావడం అదే మొదటిసారి. ఆ వేడుక జరిగిన న్యూయార్క్‌లోని రేడియో సిటీ మ్యూజిక్ హాల్లో ప్రేక్షకుల మధ్య నుంచి వేదిక మీదికి ర్యాంపు లేదు. అందుకని ఆవిడ తెర వెనకే వేచి ఉండాల్సి వచ్చింది. బ్రాడ్‌వే అంతటి బ్రాడ్‌వేనే మన మండల కేంద్రం స్థాయిని అందుకుందంటే గర్వంగా లేదూ?

ఆస్ట్రేలియాలో మాత్రం హద్దు మీరారు. జీలాంగ్ అనే ఊళ్లో 1987 నుంచి బ్యాక్ టు బ్యాక్ థియేటర్ అని ఒక బృందం ఉంది. మేధోపరమైన వైకల్యం ఉన్న నటులే నాటకాన్ని అల్లుతారు, వాళ్లే ఆడతారు. 2024లో ఇటలీలోని వెనిస్ బియనాలే అనే కళోత్సవం ఆ బృందానికి జీవిత సాఫల్య పురస్కారంగా బంగారు సింహాన్ని ఇచ్చింది. శాలువా కాదు, మెమెంటో కాదు, సింహం! ఇలాంటివి మన దగ్గర చదివితే లేనిపోని ఆశలు పుడతాయి.

మనం ఇప్పటికే ఎంతో చేస్తున్నాం మరి. ఏటా డిసెంబరు 3న వైకల్యం ఉన్నవాళ్లని పిలుస్తాం, ‘ఈ పిల్లల్లో దేవుడున్నాడు’ అని మైకులో చెబుతాం. ఆ పిల్లల్లో ఒకాయనకి 38 ఏళ్లు, మీసం నెరుస్తోంది. అయినా చేతిలో క్రీమ్ బిస్కెట్ ప్యాకెట్టు, ఫ్రూటీ పెడతాం. దేశభక్తి పాటకి గ్రూప్ డ్యాన్సు చేయిస్తాం. వాళ్లేమో ప్రేమకథ వేస్తామంటారు. హీరోయిన్ చెయ్యి పట్టుకునే సీనుందంటారు. మొగుడూ పెళ్లాల గొడవ, ఆస్తి తగాదా, తాగుబోతు పాత్ర, విలనీ అన్నీ కావాలంటారు. దేవుళ్లకి ఇవన్నీ ఎందుకండీ?

ఇంగ్లండులో రిలాక్స్‌డ్ పెర్ఫార్మెన్స్ అని ఇంకొకటి పెట్టారు. లైట్లు పూర్తిగా ఆర్పరు, సౌండు తగ్గిస్తారు, ఆటిజం ఉన్నవాళ్లు మధ్యలో లేచి తిరిగినా, శబ్దం చేసినా ఎవరూ ఏమీ అనరు. ఇది మనకి కొత్తా? మన పరిషత్తు నాటకాల్లో ఫోన్లు మోగుతాయి, పసిపిల్లలు ఏడుస్తారు, వెనక వరసలో పల్లీలు ఒలుస్తారు, సంస్థ కార్యదర్శి మూడుసార్లు లేచి ముందు నుంచి నడిచి వెళ్తాడు. ఎవరూ పట్టించుకోరు. అదే హాల్లో ఆటిజం ఉన్న ఒక యువకుడు ఒక్కసారి గట్టిగా నవ్వితే ముప్పై తలలు తిరుగుతాయి. రసభంగం అంటే అదీ.

అన్నిటికన్నా పెద్ద గండం విమర్శకులకి. ఇంతకాలం వైకల్యం ఉన్నవాళ్ల ప్రదర్శన మీద రాయడం సుఖంగా ఉండేది. ‘కన్నీళ్లు ఆగలేదు’, ‘స్ఫూర్తిదాయకం’, ‘వైకల్యం శరీరానికే, ప్రతిభకి కాదు’ అని ఏ మూడు ముక్కలు రాసినా సరిపోయేది. ఎవరేం ఆడారో తెలియనవసరం లేదు. వాళ్లు ఇప్పుడు ‘మమ్మల్ని మెచ్చుకోకపోయినా సరే, మామూలు నటుల్లా చూడండి’ అంటున్నారు. అంటే రెండో అంకం సాగిందని, దుర్యోధనుడు శ్రుతి తప్పాడని, దర్శకుడికి లైటింగు తెలియదని రాయాలన్నమాట. అలా రాయాలంటే నాటకం చివరిదాకా చూడాలి. జ్యోతి ప్రజ్వలన కాగానే మరో మీటింగుందని కారెక్కే ముఖ్య అతిథుల్ని, వాళ్ల వెనకే బయల్దేరే ఫోటోగ్రాఫర్లని, ఆ ఫోటో కింద నాలుగు లైన్లు రాసే మమ్మల్ని రాత్రి తొమ్మిదిన్నర దాకా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చోబెడితే మా నడుములకి పూచీ ఎవరు?